టోపీ పిల్ల దూకిందా?

మొన్న టౌరంగాలో అమ్మావాళ్ళ ఇల్లు ఖాళీ చేస్తుంటే గరాజ్‌లో పాత దుప్పటి కింద వీసీఆర్ కనబడింది. పైన వేలెడు దుమ్ము. నాన్న దాన్ని రెండు చేతులా ఎత్తి, “ఇది పారేద్దామా?” అన్నారు. “ఇంకా అడుగుతారేంటండీ? బోటనీ డౌన్స్‌లో కొత్తింటి దాకా ఈ చెత్త కూడా మోసుకెళ్తామా?” అంది అమ్మ. నేను దాన్ని తీసుకెళ్ళి నా కారు ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. ఇద్దరూ నా మొహం చూసి ఊరుకున్నారు. మా ఇంట్లో ఆడవాళ్ళ మొండితనం అమ్మమ్మ నుంచి వచ్చిందని, దానికి అడ్డుపడి లాభం లేదని నాన్నకి ఎప్పుడో తెలుసు.

ఆ వీసీఆర్‌ని మేం ఆఖరుసారి వాడింది డీవీడీ షాపులు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలంలో. నాకు పదమూడేళ్ళు. నాన్న కివీపళ్ళ ప్యాక్‌హౌస్‌లో, అమ్మ వృద్ధుల రెస్ట్‌హోమ్‌లో పని చేసేవాళ్ళు. ఆ చలికాలం అమ్మమ్మ విజిటర్ వీసా మీద కాకినాడ నుంచి వచ్చింది. చీర కింద ఉన్ని సాక్సులు, చీర మీద నాన్న పఫర్ జాకెట్, నెత్తిన నా స్కూలు టోపీ. ఆ వేషంలోనే వీధంతా తిరిగేది. ఎదురైన కివీ ఆడవాళ్ళు, అదే ఈ దేశపు దొరసానులు, చీర బాగుందంటే, “బాగుంటుంది, బాగుంటుంది” అని తెలుగులోనే ఒప్పేసుకునేది.

మా ఇంట్లో చెమ్మ వాసన, గ్యాస్ హీటరు వాసన ఎప్పుడూ ఉండేవి. అమ్మమ్మ వచ్చిన వారానికి వాటి మీద ఇంగువ వాసన గెలిచింది. సిల్వర్‌బీట్ ఆకుని తోటకూర అనుకోమని పప్పులో వేసేది. పక్కింటివాళ్ళు బుట్టెడు ఫిజోవా కాయలు ఇస్తే, జామకాయకి చుట్టమే కదా అని పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరేసింది. నాన్న ఆ పచ్చడి అన్నంలో కలుపుకుని, “అత్తయ్యగారూ, మీరు ఇక్కడే ఉండిపోండి” అన్నారు. అమ్మ ఆయన వైపు అనుమానంగా చూసింది.

వంటయ్యాక ఏం చెయ్యాలో అమ్మమ్మకి తోచేది కాదు. ఒక సాయంత్రం ఆమెని ఫిష్ అండ్ చిప్స్ కొట్టు పక్కనే ఉన్న వీడియో షాపుకి తీసుకెళ్ళాను. ముందంతా కొత్త డీవీడీలు. వెనక గోడకి ఒక అరనిండా పాత క్యాసెట్లు. షాపు పెద్దాయన ఒక చనిపోయిన మనిషి ఇంట్లో నుంచి వాటిని పెట్టెలతో సహా తెచ్చుకున్నాడట. ఏ అట్టపెట్టెలో ఏ టేపు ఉందో ఆయనకే తెలియదు. గబ్బిలాల బొమ్మలు, తుపాకుల బొమ్మలు, పుర్రెలు. అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని ఆ అర ముందు నిలబడింది.

“ఒసే, ఇవి మా డేరా సినిమాలే!” అంది.

ఇంటికొచ్చి వీసీఆర్ ముందు కూర్చున్నాక ఆ డేరా సంగతి చెప్పింది. తన చిన్నప్పుడు ఊరి బయట టూరింగ్ టాకీస్ వేసేవారట. ఇసకలో కూర్చోవడం, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య గుడ్డ కట్టడం, గోళీసోడా, వేయించిన వేరుశనక్కాయలు. అప్పుడప్పుడు ఇంగ్లీషు సీరియల్ సినిమాలు వచ్చేవి. ఒకే కథ, రోజుకి కొన్ని భాగాలు. ప్రతి భాగం చివరా ఎవరో ఒకరు చచ్చే పరిస్థితిలో పడితే, మర్నాడు మళ్ళీ వెళ్ళి చూడాలి. ఇంగ్లీషు ఎవరికీ రాదు కాబట్టి తెర పక్కన ఒకతను రేకు గొట్టం నోటికి పెట్టుకుని కథ తెలుగులో చెప్పేవాడు.

అలా వచ్చిన ఒక సినిమాలో టోపీ పెట్టుకుని చుక్కల గుర్రం ఎక్కే దొరసాని పిల్ల ఉందట. ఊరంతా ఆమెని టోపీ పిల్ల అనేవారు. పుర్రె ముసుగు వేసుకున్న దొంగ ఆమెని మందుగుండు పీపాల బండిలో కట్టేస్తాడు. కట్లయితే తెంచుకుంటుంది గానీ గుర్రాలు బెదిరి కొండ అంచుకి పరుగెడతాయి. బండి లోయలో పడి పేలిపోతుంది. భాగం అయిపోయింది. ఆ రాత్రే గాలివాన వచ్చి డేరా చిరిగిపోయింది. తెల్లారి టాకీస్ వాళ్ళు మూటాముల్లే సర్దుకుని ఊరు దాటేశారు.

“మరి టోపీ పిల్ల?” అన్నాను.

“చచ్చిపోయింది. నేను కళ్ళారా చూశాను, బండిలోనే ఉంది. మీ చిన్నమ్మమ్మ మాత్రం దూకేసింది, బతికింది అంటుంది. అప్పటినుంచీ అదే గొడవ.”

చిన్నమ్మమ్మ అంటే అమ్మమ్మకి ఉన్న ఒక్కగానొక్క చెల్లెలు. ఇద్దరూ కాకినాడలో ఒకే వీధిలో ఉంటారు. ఓడినవాళ్ళు ‘ఓడిపోయాను’ అని నోటితో చెప్పాలని ఆ రోజే పందెం వేసుకున్నారట. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. ఎవరూ ఆ మాట అనలేదు.

నాకు నవ్వొచ్చింది. అమ్మమ్మకి రాలేదు. ఎందుకంటే ఆ చలికాలంలోనే చిన్నమ్మమ్మకి గుండెలో కవాటం పాడైందని, ఆపరేషన్ చెయ్యకపోతే కష్టమని డాక్టర్లు చెప్పారు. ఆవిడ ససేమిరా అంది. చిన్నతాతయ్య బతిమాలారు, కొడుకులు బతిమాలారు. “గుండె కోస్తారుట, వద్దు, ఉన్నన్నాళ్ళు ఉంటాను” అని కూర్చుంది.

మా రాత్రి భోజనాల వేళకి అక్కడ మధ్యాహ్నం అయ్యేది. అమ్మమ్మ రోజూ ఫోను స్పీకర్లో పెట్టి చెల్లెల్ని తిట్టేది. ఒకరోజు ఆ తిట్లన్నీ విన్నాక చిన్నమ్మమ్మ ఆయాసపడుతూ నవ్వింది.

“అన్నీ నీ మాటే వినాలా అక్కా? నా మాట నువ్వొక్కటి విన్నావా పుట్టాక? టోపీ పిల్ల బతికిందని ఒప్పుకో. ఓడిపోయానను. రేపే ఆసుపత్రిలో చేరతాను.”

“చూడందే ఎలా ఒప్పుకుంటానే?”

“అయితే నీ ఇష్టం. నేనూ చేరను.” ఫోను పెట్టేసింది.

అమ్మ నెత్తి బాదుకుంది. “అమ్మా, ఒక్క మాట అనేస్తే ఏం పోయింది? అవతల పిన్ని ప్రాణం మీదకొస్తే!”

“ఉత్తినే అంటే అది నమ్ముతుందా? నా గొంతు దానికి తెలీదూ? ఆ సినిమా దొరకాలి. చూసి చెప్పాలి.” అమ్మమ్మ నా వైపు తిరిగింది. “ఏవే, వెతుకుదామా?”

వెతుకుదాం అన్నాను. హోంవర్కు తప్ప ఏ పనైనా నాకు ఇష్టమే. కానీ ఆ మాట అన్నాక పనిలో పడ్డాను చూడండి, నా జన్మలో దేనికీ అంత పట్టుదలగా కూర్చోలేదు.

నెట్‌లో వెతకొచ్చు కదా అని మీరు అడుగుతారు. సినిమా పేరు తెలియదు. నాన్న ఏవో నాలుగు మాటలు కొట్టి చూస్తే టోపీలు అమ్మే దుకాణాలు వచ్చాయి. పైగా మా ఇంటర్నెట్ నెలకి ఇంతని కొలిచి ఇచ్చేది, రెండు వీడియోలు చూస్తే నత్తనడక. ఇక మిగిలింది వెనక గోడ అర ఒక్కటే. వరసగా అన్నీ చూసెయ్యాలని తీర్మానించుకున్నాం.

స్కూలు నుంచి రాగానే కర్టెన్లు దించేసేవాళ్ళం. వేయించిన శనగలు, బెల్లం ముక్క, ఇద్దరికీ ఒకే దుప్పటి. శుక్రవారం పూట దయ్యాల సినిమాలేంటని అమ్మ గొణిగితే, “ఇది దయ్యం కాదే, దీని వీపుకి జిప్పు ఉంది” అనేది అమ్మమ్మ. నిజంగానే ఉండేది. గబ్బిలాలకి దారాలు కనబడేవి. సమాధి రాయి తగిలితే ఊగేది. కౌబాయ్ సినిమాల్లో దొంగలు ఎంతసేపు పారిపోయినా అదే బండరాయి పక్కనుంచి పోయేవాళ్ళు. “వీళ్ళు పారిపోవట్లేదే, ప్రదక్షిణం చేస్తున్నారు” అనేది. చచ్చిన మనిషి కాసేపటికి మీసం పెట్టుకుని ఇంకో మనిషిగా వస్తే చప్పట్లు కొట్టేది. అంత నవ్వుకుంటూ కూడా ఒక్క క్షణం తెర మీదనుంచి కళ్ళు తిప్పేది కాదు. టోపీ కనిపిస్తే చాలు, ముందుకి వంగేది.

నేను ఆమెకి తెలుగులో చెబుతుండేదాన్ని. అమ్మమ్మ నాకు గుర్తులు చెప్పింది. టోపీ పిల్లకి ఒక అన్నయ్య ఉంటాడు, చిన్నప్పుడు జాతరలో తప్పిపోతాడు. పుర్రె ముసుగువాడు ఎవరో కాదు, ఆమె సొంత మేనమామే. ఆమెని పెళ్ళి చేసుకుని ఆస్తి కొట్టేద్దామని వాడి ఎత్తు. ఈ కథ ఎక్కడ వస్తుందా అని నేను చెవులు రిక్కించుకుని వినేదాన్ని. షాపు పెద్దాయనకి కూడా చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని, “కౌబాయ్ సినిమాలో మేనమామతో పెళ్ళా? నాకైతే గుర్తు లేదు” అన్నాడు.

ఒక సీరియల్ రెండు క్యాసెట్లలో ఉంది. మొదటిది పెట్టాం. గౌను వేసుకున్న పిల్ల, ముసలి తండ్రి, కోటు వేసుకున్న బ్యాంకు మనిషి. జాతర లేదు. అన్నయ్య ఊసే లేదు. “ఇది కాదులే, తీసెయ్” అంది అమ్మమ్మ. సగంలోనే తీసేసి ఇచ్చేశాం.

అర ఖాళీ అవుతూ వచ్చింది. ఫోన్లో చిన్నమ్మమ్మ గొంతు పలచబడుతూ వచ్చింది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. అమ్మమ్మ తిట్టడం మానేసింది. “భోంచేశావా?” అని అడిగి ఊరుకునేది. అది తిట్లకన్నా భయంగా ఉండేది నాకు.

సెలవుల్లో ఒకరోజు చివరి కౌబాయ్ సినిమా చూస్తున్నాం. వాళ్ళ యాస నాకు సగం తెలియదు. తెలియనిచోట నేనే కల్పించేసేదాన్ని. “ఆ షెరీఫ్ ఉన్నాడు చూడు అమ్మమ్మా, ఆ పిల్లకి బాబాయి అవుతాడు” అన్నాను.

“వాడు అన్నాడా ఆ మాట?”

“లేదు. వాళ్ళిద్దరూ దెబ్బలాడుకుంటున్నారుగా, చుట్టాలైతే బాగుంటుందని…”

అమ్మమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది. చేతిలో శనగలు చేతిలోనే ఉన్నాయి.

“ఒసే! ఆ రేకు గొట్టం వాడూ ఇంతేనేమోనే. వాడికి మాత్రం ఇంగ్లీషు వచ్చా, పాడా? దొరలకి మేనరికాలెక్కడివే! జాతరలెక్కడివే! అంతా వాడు అల్లి చెప్పాడు. మేం అదే సినిమా అనుకున్నాం.”

అంటే మేం వెతుకుతున్న కథ ఏ సినిమాలోనూ ఉండదు. ఇన్నాళ్ళూ బొమ్మని వదిలేసి గొట్టం వాడి మాటల కోసం గాలిస్తున్నాం.

“ఇంక కథ వద్దు. బొమ్మే చూడాలి. జాతర లేదని సగంలో తీసేశాం చూడు, అది మళ్ళీ తేవాలి. లే!”

బయట వాన. నాన్న జాకెట్ వేసుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అమ్మమ్మ ముందు, గొడుగుతో నేను వెనక. షాపు దగ్గరికి చేరాం. అద్దానికి మూసేస్తున్నామని కాగితం. లోపల అరలన్నీ ఖాళీ. పెద్దాయన కారు వెనక ట్రైలర్లోకి అట్టపెట్టెలు ఎక్కిస్తున్నాడు.

“క్యాసెట్లు ఎక్కడ?” అన్నాను.

“ఇవే. ఎవరికీ అక్కర్లేదన్నారు. టిప్‌కి తీసుకెళ్తున్నా” అన్నాడు.

అమ్మమ్మకి టిప్ అంటే చెత్త పారేసే చోటని చెప్పాను. చెప్పీ చెప్పకముందే ట్రైలర్ చివర ఎక్కి కూర్చుంది, వానలో.

“మేం చూసుకునేదాకా ఈ బండి కదలదని చెప్పు.”

నేను మర్యాదగా మార్చి చెప్పాను. ఆయనకి మార్చకముందు మాటే అర్థమైనట్టుంది. “లోపలికి రమ్మను తల్లీ. తడిసిపోతోంది” అని పెట్టెలు మళ్ళీ దించడం మొదలుపెట్టాడు. నేనూ ఒక చెయ్యి వేశాను.

కౌంటరు మీద టీవీ, ప్లేయరు ఇంకా తీయలేదు. అమ్మమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి, పెద్ద కప్పులో పంచదార లేని టీ ఇచ్చాడాయన. మొహం చిట్లించి మొత్తం తాగేసింది. పెట్టెల్లో మొదటి క్యాసెట్ దొరికింది గానీ దాని జత దొరకలేదు. అట్టల్ని నమ్మడం మానేసి, దొరికిన ప్రతి టేపూ పెట్టి చూడటం మొదలుపెట్టాం. చేపల వేట, ఎవరిదో పెళ్ళి, రగ్బీ. “ఇంకోటి” అనేది అమ్మమ్మ. “ఇంకోటి పెట్టు.” కూరగాయల పెంపకం అట్టలో ఉన్న టేపు పెట్టేసరికి తెర నల్లగా అయ్యి, గుహ కనబడింది. గుహలోంచి పుర్రె మొహం బయటికొచ్చింది.

అమ్మమ్మ స్టూలు మీదనుంచి లేచి నిలబడింది. “అదే. వాడే.”

తర్వాత టోపీ వచ్చింది. చుక్కల గుర్రం వచ్చింది. నిజానికి ఆ పుర్రె సర్కస్ పుర్రెలా ఉంది, కొండలు గుడ్డ మీద వేసిన రంగు. నాకవేవీ పట్టలేదు. అమ్మమ్మ నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగేలా. బండి పరుగు. కొండ అంచు. టోపీ పిల్ల పగ్గాలు లాగుతూ బండి మీదే ఉంది. బండి గాల్లోకి లేచింది, కింద పడింది, పేలింది. ఏవో అక్షరాలు వచ్చి భాగం అయిపోయింది.

“ఇక్కడే గాలివాన వచ్చింది” అంది అమ్మమ్మ మెల్లగా.

తర్వాతి భాగం మొదలైంది. మళ్ళీ అదే బండి, అదే పరుగు. ఈసారి అంచు ఇంకా రాకముందే టోపీ పిల్ల పక్కకి దూకి పొదల్లోకి దొర్లిపోయింది. ఖాళీ బండి లోయలో పడింది. ఆమె లేచి బట్టలు దులుపుకుంది.

“ఆపు. వెనక్కి తిప్పు” అంది అమ్మమ్మ. తిప్పాను. మళ్ళీ తిప్పమంది. రెండు భాగాలూ మార్చి మార్చి చూసింది.

“మోసం! ఇందాక దూకలేదు. బండి పడేదాకా అందులోనే ఉంది. ఇప్పుడు దూకే బొమ్మ కొత్తగా అతికించారు.”

నేను చెబితే పెద్దాయన బొజ్జ కదిలేలా నవ్వాడు. వాళ్ళ చిన్నప్పుడు కూడా ఇంతేనట. మాటినీలో ఇలా మోసం జరిగినప్పుడల్లా పిల్లలంతా గోల చేస్తూ నారింజ రంగు చాక్లెట్ గోళీలు నేలమీద దొర్లించేవాళ్ళట. “మా ఊళ్ళో అయితే డేరా పీకేసేవాళ్ళని చెప్పు” అంది అమ్మమ్మ. కానీ నవ్వలేదు.

ఆ రెండు క్యాసెట్లూ ఆయన మాకిచ్చేశాడు. ఇంటికి నడుస్తున్నంతసేపూ నేను ఎగురుతూనే ఉన్నాను. ఆ రోజు డేరాలో చూసిన బొమ్మలో ఆ పిల్ల దూకలేదు, అమ్మమ్మే గెలిచింది. సాక్ష్యం నా చంకలో ఉంది. సంచి వానలో తడవకుండా జాకెట్ లోపల పెట్టుకున్నాను.

రాత్రి భోజనాలు కాకముందే అమ్మమ్మ ఫోను చేయించింది. అమ్మ గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. నాన్న టీవీ ఆపేశారు.

“ఏవే, దొరికింది” అంది అమ్మమ్మ.

“ఏది?”

“టోపీ పిల్ల. ఇవాళ చూశాను. దూకిందే. మొదట్నుంచీ దూకింది. నేనే సరిగ్గా చూడలేదు.” గొంతు సవరించుకుంది. “నువ్వే గెలిచావు. నేను ఓడిపోయాను.”

నేను నోరు తెరవబోతే, అమ్మమ్మ నా వైపు చూసిన చూపుకి మళ్ళీ మూసుకున్నాను. లైను పోయిందేమోనని నాన్న ఫోను వైపు వంగారు.

“ఒట్టు?” అంది చిన్నమ్మమ్మ.

“ఒట్టు.”

“సరే. మీ మరిదిని ఆటో పిలవమంటాను.”

ఫోను పెట్టాక అమ్మమ్మ సోఫాలో కూలబడింది. నేను ఆగలేకపోయాను. “అమ్మమ్మా, నువ్వే కరెక్ట్ కదా! అలా చెప్పావేంటి?”

“కరెక్టే” అంది. “కరెక్టయి ఏం చేసుకోనే? నాకున్నది ఒక్కతే చెల్లెలు.” అని వంటింట్లోకి వెళ్ళి, అమ్మ మాడబెట్టిన పోపుని తీసి పారేసి కొత్తగా వెయ్యడం మొదలుపెట్టింది.

చిన్నమ్మమ్మకి ఆపరేషన్ అయింది, కోలుకుంది. అమ్మమ్మ తిరిగి వెళ్ళాక పండక్కీ పబ్బానికీ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని మాకు ఫోను చేసి, “మీ అమ్మమ్మ ఓడిపోయిందిట కదా?” అని అందరి ముందూ అడిగేది. అమ్మమ్మ ప్రతిసారీ “అవును, ఓడిపోయాను” అనేది. తల తెగినా ఇంకొకరి మాటకి తలవంచని మనిషి, చిరాకు గొంతులోకి రానీయకుండా మింగేసేది.

అమ్మమ్మ పోయినప్పుడు నేనూ అమ్మా కాకినాడ వెళ్ళాం. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక చిన్నమ్మమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమెని సంతోషపెడదామని నేనే మొదలుపెట్టాను.

“నీ పందెం గురించి ఎప్పుడూ అనుకునేవాళ్ళం చిన్నమ్మమ్మా. అమ్మమ్మ మీద నువ్వే గెలిచావు.”

“నేనేం గెలవలేదే. ఆ పిల్ల దూకలేదు. నేనూ చూశాను కదా ఆ రోజు, అక్క పక్కనే కూర్చుని.”

“మరి బతికిందన్నావు?”

“చిన్నదాన్ని. చచ్చిపోయిందంటే ఏడుపొచ్చింది, బతికిందనేశాను. అన్నాక ఇంక మాట మారుస్తానా?” కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “మీ అమ్మమ్మ పెళ్ళిపీటల మీద కూడా నాతో వాదించిన మనిషి. అలాంటిది ఆ రోజు, నేనే సరిగ్గా చూడలేదు, ఓడిపోయాను అంది. ఉత్తి అబద్ధం అని తెలుస్తూనే ఉంది గొంతులో. నేను పోతానని అక్క ఇంత హడలిపోయిందా అనిపించింది. ఇంక కోయించుకోకుండా ఎలా ఉంటాను?”

“ఆ సంగతి అమ్మమ్మకి చెప్పలేదా మరి, ఎప్పుడూ?”

చిన్నమ్మమ్మ నన్ను వింతగా చూసింది.

“భలేదానివే. చెప్తే మళ్ళీ అక్కే గెలిచేది కదా” అంది.